మెట్టుకో నూలు

హాల్లో పాత చెక్కమెట్లను ఊడదీసి గోడకు ఆనించారు. వాటి చోట పైగదికి ప్రస్తుతం నిచ్చెనే గతి. ఆ మెట్లను సొంతంగా చేసిన లెక్కల మాస్టారూ, ఏడు నెలలు ఆయన మీద అలిగి ఇవాళే గడప తొక్కిన వడ్రంగి బావమరిదీ కొత్త చెక్కకు చెరోవైపు కూర్చున్నారు. మాస్టారి భార్య, అంటే వడ్రంగికి అక్క, వంటింట్లో ఉంది.

"...అందుకే చెబుతున్నా. ఆ రంపం ఇటివ్వు బావా."

"ఇవ్వను."

"చిన్నపిల్లాడిలా ఏంటిది? ఇవ్వు."

"చూడ్డానికి వచ్చావు, చూడు. కొలతలు చూడు, తప్పుంటే చెప్పు. కొయ్యడం మాత్రం నేనే కోస్తా."

"ఒకసారి కోశావు. చాల్లేదా?"

"చాల్లేదనే కదా మళ్ళీ కోస్తున్నా."

"చూడు బావా, నేను కొట్లాటకి రాలేదు. అమ్మ పోరు పడలేక వచ్చా. పొద్దున లేస్తే ఒకటే పాట. నా గదికి నన్ను పంపెయ్యి, నా కుట్టుమిషను నాకు కావాలి అని."

"నడుస్తోందా అత్తయ్య?"

"కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడుస్తోంది. డాక్టరు కూడా, విరిగిన కాలు అతుక్కుంది, కమ్మీ పట్టుకుని మెట్లెక్కొచ్చు అన్నాడు. ఎక్కమంటే ఎక్కుతుంది. కానీ ఒకసారి పడింది కదా, ఎవరు చేసిన మెట్లు అన్నదే..."

"అను. ఆగిపోయావేం?"

"అంటాను, భయమా? మెట్లు నేను చేస్తా. చేసి, అమ్మని తెచ్చి దింపుతా. కాదు కూడదు, నేనే చేస్తానంటావా, అమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. ఈ జన్మకి ఈ ఇంటి మెట్టు ఎక్కదు. ఇదీ నా మాట. అక్కకి ఫోన్లోనే చెప్పేశా."

"ఏమంది మీ అక్క?"

"ఏమీ అనలేదు. నువ్వు రా, వచ్చి బాగా చూడు, అంది. రెండుసార్లు అంది. బాగా చూడు అని."

"మరి చూడు."

"చూస్తా. ఏడు నెలలు నీ మొహం చూడకూడదని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి, తెలుసా?"

"తెలుసు. మొన్న బస్టాపులో నన్ను చూసి అటు తిరిగావు."

"బస్సు వస్తోందేమోనని తిరిగా."

"బస్సు ఇటునుంచి కదా వచ్చేది."

"...టేపు ఇవ్వు. మొత్తం ఎత్తు ఎంత పెట్టావు?"

"నూట పది అంగుళాలు. కింద నేల నుంచి పై నేల దాకా. పై నేలతో కలిపి పదహారు మెట్లు. మెట్టుకి ఏడంగుళాలకి ఒక నూలు తక్కువ."

"నూలు అంటే ఎంతో తెలుసా నీకు?"

"అంగుళంలో ఎనిమిదో వంతు. నువ్వే చెప్పావు, పెళ్ళయిన కొత్తలో. మంచం కోడు సరిచేస్తూ."

"అబ్బో, గుర్తుందే. గుర్తుండాల్సింది మాత్రం గుర్తుండదు. అయినా ఈ నూలు గొడవెందుకు? నిండుగా ఏడు పెట్టుకోక."

"ఏడు పెడితే కుదరదు. నూట పదిని పదహారుతో భాగించు."

"నువ్వు చెప్పకు. నాకు టేపు చెప్పాలి. నిచ్చెనెక్కి ఈ కొస పట్టుకో. పట్టుకున్నావా? వంగకుండా పట్టుకో. ఊఁ. నూట పది. సరిగ్గా నూట పదే."

"చూశావా?"

"మొత్తం ఎత్తు ఎవడైనా కొలుస్తాడు, దిగు. పలక మందం తీశావా ఈసారి?"

"తీస్తాను. పక్కచెక్క అడుగున ఒకటిన్నర అంగుళం కోసేస్తా. ఇదిగో, గీత కూడా గీశా."

"పోయినసారీ చెప్పాను. ఫోన్లో గొంతు పోయేలా చెప్పాను. బావా, పక్కచెక్కకి గాట్లు పెడతావు, గాటు మీద కాలు పెట్టే పలక కూర్చుంటుంది, పలక ఒకటిన్నర అంగుళం మందం. అడుగున అంత కోసెయ్యకపోతే మొదటి మెట్టు..."

"మొదటి మెట్టు తేడా వస్తుంది. చెప్పావు. నేనే మర్చిపోయా. ఆస్పత్రిలోనే ఒప్పుకున్నా కదా, మళ్ళీ ఎందుకు?"

"తేడా అంటే..."

"టీ తాగుతావా? ఏమోయ్, మీ తమ్ముడికి టీ."

"తెస్తున్నానండీ. ఇదిగో తీసుకోరా. చూశావా?"

"చూస్తున్నా అక్కా."

"అన్నీ చూశావా? పాతవి కూడా?"

"పాతవాటితో పనేముంది? పొయ్యిలోకి పనికొస్తాయి."

"పొయ్యిలో పెట్టేముందైనా చూడు. తప్పు ఎక్కడొచ్చిందో తెలియాలి కదా. తెలియకపోతే మళ్ళీ వస్తుంది."

"తెలిసిందే కదా. మాస్టారు పలక మందం మర్చిపోయారు. ఊరంతా తెలుసు. బళ్ళో పిల్లలు బోర్డు మీద మెట్ల బొమ్మ గీసి, కింద మాస్టారు పడ్డట్టు కూడా గీశారటగా."

"బొమ్మ బాగానే గీశారు. మెట్లు సమానంగా ఉన్నాయి. ఏమోయ్, పాలు పొంగుతున్నాయేమో చూడు."

"పాలు దించేశానండీ."

"అయితే తలుపు ఎవరో కొట్టినట్టుంది."

"ఎవరూ కొట్టలేదు. సరే, నేనుంటే మీకు అడ్డం, వెళ్తున్నా. ఒరేయ్, బాగా చూడు. అడుగుదాకా చూడు."

"అక్కేంటి బావా, అలా చిక్కిపోయింది?"

"ఏడు నెలలుగా అంతే. కంచం ముందు కూర్చుంటుంది, లేస్తుంది. ఇల్లంతా తుడుస్తుంది, ఈ మెట్ల దగ్గరకొచ్చేసరికి తడిగుడ్డ నా చేతికిచ్చి వెళ్ళిపోతుంది. తల్లి పడిన చోటు కదా. చూడలేకపోతోంది."

"మరి నాకు ఒక్క మాట చెప్పలేదే."

"చెప్పడానికి మొన్నటిదాకా నువ్వు ఫోనెత్తితే కదా."

"...ఆ పాత పక్కచెక్క ఇలా వాల్చు."

"వద్దు, మేకులున్నాయి."

"మేకులకి భయపడేవాణ్ణి వడ్రంగిపనిలోకి ఎందుకొస్తా? వాల్చు. అక్క అడిగింది కాబట్టి చూసి పడేస్తా."

"ఎందుకు చెప్పు, దండగ. ఎండ పోకముందే కొత్తదానికి కోత మొదలుపెడదాం. రంపం కావాలన్నావుగా, ఇదిగో తీసుకో."

"ఇప్పటిదాకా ఇవ్వనన్నావు."

"ఇప్పుడిస్తున్నా."

"అట్టే పెట్టు. ఏడు. ఏడు. ఇదీ ఏడే. నిజం చెప్పాలంటే గాట్లు బాగా పెట్టావు బావా. కొత్త చెయ్యి అంటే ఎవడూ నమ్మడు. ఏడు. ఏడు. అడుగున... ఆగు. ఐదున్నర."

"సరిగ్గా చూశావా?"

"టేపు చదవడం నాకు నేర్పుతావా? ఐదున్నర. మీద పలక ఒకటిన్నర. మొత్తం ఏడు. అంటే మొదటి మెట్టూ ఏడే. నువ్వు అడుగు కోశావు. మర్చిపోలేదు."

"తర్వాత కోసుంటా."

"ఎప్పుడు?"

"గుర్తులేదు. అత్తయ్య పడ్డాక ఎప్పుడో."

"పొయ్యిలో పెట్టే చెక్కకి ఎవడైనా కొలత సరిచేస్తాడా? అబద్ధమాడినా అతికినట్టుండాలి బావా. ఇంకోటి. పలక మందం మర్చిపోతే మొదటి మెట్టు పొడుగవుతుంది. పొట్టి కాదు. ఆ రోజు నేను ఆస్పత్రి నుంచి వచ్చి జానపెట్టి చూశా. పొట్టి. మిగతావి ఏడుంటే అదొక్కటే ఐదు. పొట్టిదాన్ని చూసి, పొడుగయ్యే తప్పుని ఎలా నమ్మానురా దేవుడా."

"కోపంలో ఉన్నావు."

"కోపంలో ఉన్నా. పైగా నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. ఒప్పుకున్నవాడితో ఎవడు వాదిస్తాడు?"

"మరి ఇప్పుడెందుకు వాదిస్తున్నావు? వదిలెయ్."

"వదలను. ఈ గీత ఏంటి?"

"ఏ గీత?"

"చెక్క అడుగున, చుట్టూరా. సిమెంటు గీత. కిందనుంచి సరిగ్గా రెండంగుళాలు."

"తడి ఎక్కి ఉంటుంది."

"తడికి సిమెంటు అంటుకుంటుందా? బావా, పదహారు మెట్లు, మెట్టుకి ఏడు. ఎంతయింది? లెక్కల మాస్టారివి, చెప్పు. పోనీ, నేనే చెబుతా. నూట పన్నెండు. అప్పుడు నూట పన్నెండు, ఇప్పుడు నూట పది. నీ ఇల్లు రెండంగుళాలు పొట్టిదెలా అయింది?"

"నెమ్మదిగా మాట్లాడు."

"ఇల్లు తగ్గలేదు. నేల పెరిగింది."

"నెమ్మదిగా అన్నానా."

"ఈ రాళ్ళు. మొదట్లో ఇది ఉత్త గచ్చు. మెట్లు బిగించాక మీద రాళ్ళు పరిచారు. రాయి ముప్పావు అంగుళం, కింద సిమెంటు మాలు ఒకటింపావు. చెక్క చుట్టూ పరిచేసి పోయాడు మేస్త్రీ. మొదటి మెట్టులో రెండంగుళాలు నేల మింగేసింది."

"అప్పటిదాకా మూడు నెలలు ఆ మెట్లు బంగారంలా ఉన్నాయి. అత్తయ్య రోజుకి పదిసార్లు ఎక్కేది, దిగేది. చేతిలో బట్టల మూట పెట్టుకుని, కమ్మీ కూడా పట్టుకోకుండా."

"రాళ్ళ పనప్పుడు అమ్మ మా ఇంట్లో ఉంది. దుమ్ము పడదని నేనే తీసుకెళ్ళా."

"పది రోజులుంది. ఆ పది రోజుల్లో మా కాళ్ళు కొత్త మెట్టుకి అలవాటు పడిపోయాయి. మాకే తెలియలేదు. ఆవిడ కాలికి పాత ఏడే గుర్తు. సాయంత్రం వచ్చింది. ఎక్కేటప్పుడు ఏం తెలుస్తుంది? తెల్లారి దిగుతూ, ఇంకా కాలు కిందికి పోవాలనుకుంది. నేల ముందే వచ్చేసింది."

"నేలే పైకి లేచొచ్చిందిరా, అంది."

"ఊఁ."

"ఆస్పత్రిలో కళ్ళు తెరిచి అమ్మ అన్న మొదటి మాట. మత్తుమందు వల్ల మాట్లాడుతోందనుకున్నాం. నర్సు కూడా నవ్వింది."

"నేను నవ్వలేదు. ఆ మాట వినే ఇంటికి పరుగెత్తుకొచ్చా. కొలిచా."

"అంటే మొదటి రోజునుంచీ తెలుసు నీకు."

"తెలుసు."

"తెలిసి, ఆస్పత్రి వరండాలో అందరి ముందూ నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే..."

"గట్టిగానే తిట్టావు."

"ఏమన్నానో గుర్తుందా?"

"కూడికలు చెప్పుకునేవాడి చేతికి రంపమెందుకు అన్నావు. ఇంకా ఏదో కూడా అన్నావు."

"అది గుర్తు చెయ్యకు. ఎందుకు బావా? ఆ తిట్లన్నీ ఎందుకు పడ్డావు? ఒక్క మాట అంటే సరిపోయేది."

"రాళ్ళు ఎవరు వేయించారు?"

"అక్క."

"అదీ. నాకు పరీక్షల డ్యూటీ. పొద్దున పోతే సాయంత్రం రావడం. వచ్చేసరికి సగం హాలు అయిపోయింది. నాకు చెప్పకుండా చేయించాలనుకుంది. గుమ్మంలోనే ఆపి, చెప్పులు విప్పించి, కళ్ళు మూసుకోమంది. ఎన్నాళ్ళకో అంత సంతోషంగా కనబడింది. రెండేళ్ళు ఈ హాల్లో చెక్కపొట్టూ, నిచ్చెనా. రెండేళ్ళు పట్టింది నాకు ఆ మెట్లు చెయ్యడానికి. పాపం, నోరెత్తకుండా భరించింది."

"నోరెత్తలేదా? నాకు ఫోన్ చేసి రోజూ ఏడ్చేది. మీ బావ మెట్లు అయ్యేలోపు నాకు ముసలితనం వస్తుందిరా అని."

"అన్నదా? నాతో అనలేదు. సరే. నేనూ కళ్ళు తెరిచి చూసి, ఎంత బాగుందో అన్నా. మెట్టు సంగతి నాకే తట్టలేదు. చేసినవాణ్ణి, లెక్కలు చెప్పేవాణ్ణి, నాకే తట్టలేదంటే తనకెలా తడుతుంది? ఆ లెక్కన తప్పు నాదే కదా."

"కొంత."

"నువ్వొక్కడివి నన్ను తిడితే ఏమవుతుంది? తిడతావు, ఓ ఏడాదికో రెండేళ్ళకో చల్లబడతావు. అదే, అమ్మ కాలు నేనే విరగ్గొట్టానని కూతురు తనని తాను తిట్టుకోవడం మొదలుపెడితే దాన్ని ఎవరాపుతారు? రాత్రీ పగలూ పక్కనుండేది నేను. నా వల్ల కాదనిపించింది. నా మీద వేసుకోవడమే తేలిక."

"తేలికట."

"మేస్త్రీనీ ఏమనలేదు. వాడికి రాయి కనబడుతుంది కానీ మెట్టు కనబడదు కదా. ఎందుకో వాడు మాత్రం నన్ను చూస్తే సందులోకి తప్పుకుంటున్నాడు."

"సిగ్గుండాలిగా. ఇలాంటి పని చేసి."

"నువ్వు మీ అక్కకి చెప్పొద్దు."

"చెప్పను."

"పొరపాటున కూడా."

"చెప్పనన్నా కదా. నా నోరేమన్నా చిల్లుకుండా? ...మరి ఇప్పుడీ రాళ్ళు తవ్వించెయ్యొచ్చుగా. పాత మెట్లే సరిపోయేవి."

"తవ్విస్తే ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పను? అందుకే మెట్లే మార్చేస్తున్నా. రెండంగుళాలంటే పదహారు నూళ్ళు. మెట్టుకో నూలు తగ్గించా. పదహారూ సమానం. ఏ కాలికీ తెలియదు."

"తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు."

"మెట్లకే పంచా. మనుషులకి పంచలేదు."

"...బావా."

"ఊఁ."

"రంపం నీ దగ్గరే ఉంచుకో. నేను చెక్క పట్టుకుంటా. నువ్వు కొయ్యి."

"నువ్వు చేస్తేనే అత్తయ్యని పంపుతానన్నావు?"

"ఎవరడిగినా నేనే చేశానని చెప్పు. ఆదివారానికి అయిపోతే అమ్మని తీసుకొస్తా. గీత మీద కాదు, గీత పక్కన కొయ్యి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఏంట్రా గుసగుసలు? టీ అలాగే చల్లారిపోయింది."

"ఏం లేదక్కా. ఇప్పుడే కోత మొదలుపెడుతున్నాం."

"చూశావా పాతవి?"

"చూశా."

"తెలిసిందా, తప్పు ఎక్కడొచ్చిందో?"

"తెలియడానికేముంది? బావ చెప్పిందే. పలక మందం మర్చిపోయాడు."

"అడుగున కొలిచావా?"

"కొలిచానక్కా. కొలత తప్పే. అదంతా అయిపోయింది. ఆదివారం అమ్మని తీసుకొస్తున్నా. పైన మిషను దుమ్ము దులిపి, గది సర్దు."

"నా మొహం చూసి చెప్పు."

"చూసే చెబుతున్నా."

"నేలకేసి చూసి చెబుతున్నావు. పాతికేళ్ళుగా చెక్కపని చేస్తున్నావు కదరా. ఆ అడుగున సిమెంటు గీత నీకు కనబడలేదా?"

"ఏమోయ్, గీతేంటి, గాడిదగుడ్డేంటి? లోపలికి పద, ఇక్కడంతా పొట్టు. కళ్ళలో పడుతుంది."

"మీరు ఊరుకోండి. ఏడు నెలలు ఊరుకున్నారు కదా, ఇంకో నిమిషం ఊరుకోండి."

"నీకు... నీకెప్పుడు తెలిసింది?"

"వీణ్ణి నేనెందుకు రమ్మన్నానో తెలుసా? వీడు వడ్రంగి, వీడి కంట పడకుండా పోదు, వీడే అంటాడు. నా నోటితో నేను చెప్పక్కర్లేదు. నన్ను తిడతాడు, తిట్టనీ, మీకు పడ్డ తిట్లన్నీ నాకు మళ్ళుతాయి, నేను ఇంత అన్నం తింటాను అనుకున్నా. బాగా చూడరా అని ఎన్నిసార్లు చెప్పానో. చివరికి వీడు కూడా వచ్చి మీ పక్కనే చేరాడు."

"అక్కా, ఏడవకు. ఇలాంటిది ఎవరికి తడుతుంది చెప్పు? నేలకి రాళ్ళు వేయిస్తూ మెట్టు గురించి ఎవరాలోచిస్తారు? బావకే తట్టలేదు."

"అదే నేనూ అంటున్నా. నువ్వు తెలియక చేశావు. తెలియక చేసినదానికి ఎవరూ ఏమనరు. అత్తయ్య కూడా అనదు. ఇటు చూడు. నీకు తెలియదు, నాకు తెలియదు, ఆ మేస్త్రీకీ తెలియదు."

"మేస్త్రీకి తెలుసండీ. మొదటి రాయి వెయ్యకముందే అడిగాడు, అమ్మా, కింది మెట్టు పొట్టిదైపోతుంది, మాస్టారితో ఒక్క మాట చెబుదామా అని. ఆయనకి చెబితే ఇంకో రెండేళ్ళు పడుతుంది, నువ్వు వేసెయ్, చెప్పకు అన్నాను."